దీవికి చేరిన పిల్లి

పత్తి ఆఖరి తీతకు వచ్చే రోజుల్లో మన పల్లెటూళ్లలో ఇల్లంతా పత్తే. వసారాలో పత్తి, మంచాల కింద పత్తి, పిల్లలు చదువుకునే గదిలోనూ పత్తి. ధర కాస్త పెరుగుతుందేమోనని నెలా రెండు నెలలు అలాగే ఉంచుతాము. పత్తి కుప్ప ఉన్న ఇంటికి ఎలుక రాక మానదు. ఎలుక వెంట పిల్లి రాక మానదు. మా ఇంటి పిల్లిని మేము తెచ్చుకున్నదీ లేదు, పిలిచి అన్నం పెట్టిందీ లేదు. బూడిదరంగు చారల పిల్లి. పాలూ పెరుగూ ఉట్టి మీద ఉన్నంతకాలం దానితో మాకు పేచీ లేదు. ఏటా ఆ పత్తి కుప్పలోనే పిల్లల్ని పెట్టేది. వారం తిరగకుండా ఒక్కొక్క కూననూ మెడ పట్టి ఏడిళ్లు తిప్పేది.

ఒక ఏడు నాలుగు కూనలు. కళ్లు తెరిచి, పరుగులు నేర్చి, మిరపకాయల టిక్కీల సందుల్లో దాగుడుమూతలాడే వయసుకు వచ్చాయి. “ఇన్నింటిని ఎవరు సాకుతారు? కాలవ అవతల వదిలేసి రండిరా” అన్నారు నాన్నగారు. చంపమనలేదు. పురుగుమందు కొట్టేటప్పుడు తప్ప చీమకైనా హాని తలపెట్టని మనిషి ఆయన. మేము అన్నదమ్ములం కూనల్ని గోనెసంచిలో వేసి, మూతి వదులుగా కట్టి, సైకిలు వెనుక పెట్టుకొని సాగరు కాలువ దాటాము. అవతల బీడులో సంచి దులిపేసరికి తీతువు పిట్టలు రెండు మా తల మీద గిరగిరా తిరుగుతూ ఒకటే అరుపు. వాటి గూడు అక్కడే ఉన్నదని మాకు తెలుసు. గూడంటే గూడు కాదు, నాలుగు గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు. తెలిసే అక్కడ వదిలాము. ఎందుకంటే ఆ బీడు మా చేనికి కాస్త దూరం, తిరిగి ఇంటికి రావని ధైర్యం.

వారం తరువాత మేకల్ని అటు తోలుకెళితే పిట్టలు అరవలేదు. గుడ్లు లేవు, పెంకులూ లేవు. ఆ పని కూనలే చేశాయని అనలేము. అంత చిన్న కూనలకు అది చేతనవుతుందని మాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ముంగిస కావచ్చు, నక్క కావచ్చు, మా మేకల కాళ్లే కావచ్చు. నేలమీద గాని చెట్టుమీద గాని పక్షి గూడు కనబడితే పిల్లలతో పాటు తల్లిని పట్టకూడదన్న కట్టడ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉన్నదని ఆదివారపు బడిలో మేము విన్నవాళ్లమే. పిల్లిని తీసుకువెళ్లి గూటి పక్కన వదలడం గురించి అందులో లేదు కదా అని అప్పట్లో మనసుకు సర్దిచెప్పుకున్నాము.

ఆ సంచి సంగతి చాలా ఏళ్లు మరచిపోయాము. దీవుల్లోని పక్షుల కథ చదివినప్పుడు మళ్లీ గుర్తుకు వచ్చింది.

దీవి అంటే మనకు తెలిసినది కృష్ణలోని లంక. లంక చుట్టూ ఏరున్నా వేసవిలో నీళ్లు తగ్గితే నక్క నడిచి పోతుంది, కుక్క ఈది పోతుంది. నడిసముద్రంలో పుట్టిన దీవి అలా కాదు. వేల ఏళ్లు, లక్షల ఏళ్లు గడిచినా నాలుగు కాళ్ల వేటజంతువు అక్కడ అడుగుపెట్టదు. ఎగరగలిగిన పక్షి, ఈదగలిగిన తాబేలు, దుంగ మీద కొట్టుకొచ్చిన బల్లి, ఇవే అక్కడి కాపురస్థులు. అక్కడి పక్షి నేలమీదే గుడ్లు పెడుతుంది, లేకుంటే నేలలో బొరియ తవ్వుకుంటుంది. కొన్ని జాతులు ఎగరడమే మానుకున్నాయి, అవసరం లేదు గనుక. మన ఊరి పిచ్చుక పిల్లి నీడ చూస్తేనే లేచిపోతుంది. ఆ భయం దానికి తాతముత్తాతల నాటినుంచి వచ్చిన ఆస్తి. దీవి పక్షికి ఆ ఆస్తి లేదు. పిల్లి ఎదురుగా వచ్చి కూర్చున్నా కొత్త చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది.

న్యూజిలాండు దేశంలో రెండు పెద్ద దీవుల మధ్యనున్న జలసంధిలో స్టీఫెన్స్ అనే చిన్న దీవి ఉంది. మొత్తం కలిపి నాలుగు వందల ఎకరాలు కూడా ఉండదు. 1894లో అక్కడ ఓడల కోసం దీపస్తంభం వెలిగించారు. దాన్ని కాపలా కాసే ఉద్యోగులు కుటుంబాలతో వచ్చారు, వాళ్లతో పిల్లి వచ్చింది. ఆ పిల్లి నోట కరుచుకొచ్చిన చిన్న చిన్న పిట్టలను డేవిడ్ లయల్ అనే ఉద్యోగి చూసి, ఇవేవో వింతగా ఉన్నాయే అని పండితులకు పంపించాడు. అది లోకానికి తెలియని జాతి. ఎగరలేదు, రాళ్ల సందుల్లో చిట్టెలుకలా పరుగెత్తుతుంది. ఇంగ్లండులో దానికి పేరు పెట్టి శాస్త్రపత్రికలో అచ్చు వేసేలోగానే ఇక్కడ అది కనబడటం మానేసింది. 1895 మార్చి నాటికే క్రైస్ట్‌చర్చ్ పట్టణపు పత్రిక ఒకటి, ఈ పక్షి అంతరించినట్టే ఉన్నదని రాసింది.

ఒకే ఒక్క పిల్లి ఒక జాతినంతా తినేసిందని ఈ కథను చాలాకాలం చెప్పుకున్నారు. ఆ పిల్లికి టిబుల్స్ అని పేరు కూడా ఉంది. 2004లో ఇద్దరు పరిశోధకులు పాత ఉత్తరాలు, దస్తావేజులు తిరగేసి చూస్తే, ఒక పిల్లి కాదు, వచ్చిన కొద్దికాలంలోనే అవి అడవిబట్టి పెరిగిపోయాయని తేలింది. పెద్ద దీవుల్లోనూ ఒకప్పుడు ఈ పక్షి ఉండేదట. పూర్వకాలంలో మనుషుల పడవల్లో వచ్చిన ఎలుకలు అక్కడ దాన్ని ముందే తుడిచిపెట్టాయి. మిగిలిన ఆ నాలుగు వందల ఎకరాలే దానికి చివరి గూడు. ఆ దీవిమీద పిల్లులు పూర్తిగా లేకుండా పోయేసరికి 1925 వచ్చింది. అప్పటికి కాపాడటానికి ఆ పక్షి లేదు. ఒక్క టిబుల్స్ మీద నేరం మోపడం మాకు తేలికైన పనిగానే తోస్తుంది. పిల్లి ఈదుకుంటూ రాలేదు గదా.

మనిషికీ పిల్లికీ చుట్టరికం పాతది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధి ఒకటి తవ్వితే మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం కనబడింది. ఆ దీవిలో స్వతహాగా పిల్లులు లేవు. అంటే ఆనాడే ఎవరో పడవలో ఎక్కించుకొని తీసుకువెళ్లారన్నమాట. మనిషి ధాన్యం దాచుకోవడం మొదలుపెట్టాడు, ఎలుక వచ్చింది, ఎలుక కోసం పిల్లి వచ్చింది. మన పత్తి గదిలో జరిగిందే అక్కడా జరిగింది. ఆ తరువాత వచ్చిన ఓడలన్నీ ఎలుకలనూ మోశాయి, పిల్లులనూ మోశాయి. ఈ కొన్ని శతాబ్దాలలో పక్షులు, చిన్న జంతువులు, బల్లులు కలిపి 63 జాతులు నశించడంలో పిల్లి చెయ్యి ఉన్నదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. వాటిలో 40 పక్షి జాతులే. ఎక్కువ భాగం దీవుల్లోనివే.

వీటిలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది మన హిందూ మహాసముద్రంలోనే, బాగా దక్షిణాన, చలిగాలుల మధ్యనున్న మేరియన్ దీవి. కేప్‌టౌన్‌కు సుమారు రెండు వేల కిలోమీటర్ల దూరం. దక్షిణాఫ్రికా అక్కడ వాతావరణ కేంద్రం పెట్టింది. పూర్వం సీలు జంతువుల వేటకు వచ్చినవాళ్ల ఓడల్లోంచి దిగిన చిట్టెలుకలు ఆ దీవినిండా ఉండేవి. కేంద్రంలోని సరుకుల్ని కొరికేస్తున్నాయని 1949లో పిల్లుల్ని తెచ్చారు. ఎన్నో కాదు, అయిదు. అందులో తప్పు పట్టడానికి ఏమున్నది? మన ఇళ్లలో మనం చేసేదీ అదే.

పిల్లి ఆరేడు నెలల వయసుకే ఎదకు వస్తుంది, రెండు నెలలు మోస్తుంది, ఏడాదికి రెండు ఈతలు కష్టం కాదు. మన ఊళ్లో ఆ కూనల్ని కుక్క పడుతుంది, బండి చక్రం పడుతుంది, జబ్బు పడుతుంది. మేరియన్‌లో పట్టేవాళ్లు లేరు. ఎలుకలు ఉన్నాయి సరే, ఎలుకకంటే సులువుగా దొరికేది మరొకటి ఉన్నది. పెట్రెల్ అనే సముద్రపక్షులు లక్షల సంఖ్యలో వచ్చి నేలలో బొరియలు చేసుకొని, ఒక్కొక్క జంట ఒకే ఒక్క గుడ్డు పెట్టి పొదిగేవి. ఏడాదికి ఒక్క గుడ్డు, ఆ గుడ్డు పోతే మళ్లీ ఏడాదే. 1977 నాటికి ఆ అయిదు పిల్లుల సంతానం 3,400 దాకా చేరింది. అవి ఆ రోజుల్లో ఏటా నాలుగున్నర లక్షలకు పైగా పక్షుల్ని చంపుతున్నాయని అంచనా వేశారు. ఒక పెట్రెల్ జాతి ఆ దీవినుంచే కనబడకుండా పోయింది.

వాటిని తొలగించడానికి పట్టిన కాలం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 1977లో పిల్లులకు వచ్చే ఒక అంటువ్యాధి క్రిమిని తెచ్చి వదిలారు. అయిదేళ్లలో సంఖ్య ఆరువందల చిల్లరకు పడిపోయింది. తరువాత మిగిలినవి ఆ జబ్బుకు తట్టుకున్నాయి. 1986 నుంచి మనుషులే రాత్రిపూట దీపాలు, తుపాకులు పట్టుకొని ఆ చలిలో, బురదలో తిరిగారు. ఉచ్చులు పెట్టారు, విషమూ పెట్టారు. 1991లో చివరి పిల్లి పోయింది. అయిదు పిల్లులు దిగడానికి ఒక ఓడ, ఒక పూట చాలు. వాటిని దించడానికి పద్నాలుగేళ్లు పట్టింది. ఈ పని మంచిదా చెడ్డదా అని మీరు అడిగితే మేము తడుముకోకుండా చెప్పలేము. పిల్లిని కాల్చడం వినడానికే బాధ. కాని బొరియలో ఒక్క గుడ్డు మీద కూర్చొని చచ్చిన పక్షుల కోసం ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయవలసిందే గదా.

కథ అక్కడితోనూ అయిపోలేదు. పిల్లులు పోయాక చిట్టెలుకలు విజృంభించాయి. వాతావరణం కాస్త వేడెక్కడమూ వాటికి కలిసి వచ్చింది. 2003 నుంచి అవి ఆల్బట్రాస్ అనే మహా పక్షి పిల్లలను బతికుండగానే కొరుక్కుతినడం అక్కడివారు చూశారు. ఎలుకంటే ఏమిటో తెలియని ఆ పిల్ల గూటిలో కదలకుండా కూర్చుని ఉంటుంది. ఇప్పుడు ఆ ఎలుకల్నీ లేకుండా చేయాలని వేరే ప్రయత్నం నడుస్తోంది. ఆస్ట్రేలియాకు చెందిన మక్వారీ దీవిలోనూ ఇంతే. 2000 సంవత్సరంలో చివరి పిల్లిని తీసేశారు, కుందేళ్లు పెరిగి కొండవాలు గడ్డంతా మేసేశాయి. మళ్లీ ఏళ్ల తరబడి పాటుపడి 2014లో గాని ఆ దీవికి ఆ పీడలన్నీ వదిలాయని ప్రకటించలేకపోయారు.

ఇందులోని కిటుకు పత్తి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. 1980లలో మన గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో సింథటిక్ పైరిథ్రాయిడు మందులు వచ్చిన కొత్తలో అందరం ఎంత సంబరపడ్డామో! కొట్టిన సాయంత్రానికే పురుగు రాలిపోయేది. పురుగుతో పాటు అక్షింతల పురుగులు, సాలీళ్లు, మనకు ఖర్చు లేకుండా పనిచేసే నేస్తాలన్నీ రాలాయి. తెల్లదోమను తినేవాళ్లు లేకపోయారు. పత్తి ఆకు అడుగున తెల్లదోమ పొడిలా పట్టింది. పచ్చపురుగేమో మందుకు అలవాటు పడింది. 1987-88లో ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్న ఇళ్లను మన సంఘాలు ఓదార్చలేక ఓదార్చిన రోజులు పెద్దవాళ్లకు జ్ఞాపకమే. ఒక దాన్ని చంపి మరొక దాన్ని పెంచుకోవడం అంటే ఏమిటో మనకు దీవిదాకా పోనక్కరలేదు.

పిల్లి దీవికి చేరినట్టే మన మిరప చేలకూ ఈమధ్య ఒకటి చేరింది. నల్ల తామర పురుగు. దాని సొంత ఊరు ఆగ్నేయ ఆసియా. మన దేశంలో దాన్ని మొదట 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. 2021లో గుంటూరు మిరప పూతలోకి దిగింది. మామూలు తామర పురుగు ఆకు మీద ఉంటుంది. ఇది పువ్వులోనే కాపురం పెడుతుంది. మందు కొట్టిన కొద్దీ పూత రాలింది. ఆ ఏడు చివరి నెలల్లో ఎందరు రైతులు పచ్చని చేను పీకేశారో ఈ పత్రిక చదివేవారిలో చాలామంది కళ్లారా చూశారు, కొందరు చేతులారా పీకారు. కొత్తచోట దానికి అలవాటైన శత్రువులు లేరు, ఇష్టం వచ్చినట్టు కొట్టవద్దు, మిగిలిన మిత్ర పురుగుల్నైనా కాపాడుకోండి అని శాస్త్రజ్ఞులు చెప్పారు. అప్పుల్లో ఉన్నవాడికి ఆ మాట ఎంతవరకు చెవికెక్కుతుందో వేరే సంగతి. అలాగని బయటినుంచి వచ్చినదంతా చెడ్డదే అనడానికి లేదు. మిరపకాయ మాత్రం మనదా? అదీ అమెరికా ఖండం నుంచి ఓడలో వచ్చినదే. ఏది ఎక్కడికి వచ్చింది, అక్కడ దాన్ని ఆపేవారున్నారా లేదా అన్నదే లెక్క.

దీవుల్లో కాపురముండే మనవాళ్లూ తక్కువేమీ కాదు. అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 13 మంది మాతృభాష తెలుగు. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిన పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు వినకుండా బజారు దాటలేరంటారు. అన్నిటికంటే దక్షిణాన గ్రేట్ నికోబార్ దీవిలో 1969 నుంచి మాజీ సైనికులకు భూములిచ్చి కాంప్‌బెల్ బే అనే చోట ఊళ్లు కట్టించారు. వారిలో పంజాబువారు, మహారాష్ట్రులతో పాటు మన ఆంధ్ర సైనికుల కుటుంబాలూ ఉన్నాయి.

ఆ నికోబార్ దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి ఒకటున్నది. పేరు నికోబార్ మెగాపోడ్. మన నాటుకోడంత ఉంటుంది, గోధుమరంగు, కాళ్లూ గోళ్లూ మాత్రం ఒంటికి మించినవి. ఆ కాళ్లతో సముద్రం ఒడ్డున అడవి అంచులో ఇసుక, మట్టి, ఆకు అలములు వెనక్కి తన్ని తన్ని పెద్ద దిబ్బ వేస్తుంది. మన పెంటపోగు లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది చూడండి, ఆ దిబ్బలోపలా అంతే. అందులో గుడ్డు పెట్టి వదిలేస్తుంది. పొదగదు. ఆకు కుళ్లే వేడికే రెండు నెలలు దాటాక పిల్ల తయారై, తానే మట్టి తవ్వుకొని పైకి వస్తుంది. దాన్ని వెంట తిప్పుకునే తల్లి ఉండదు, రెక్క కింద దాచుకునే తల్లీ ఉండదు. వచ్చిన పిల్ల వచ్చినట్టే అడవిలోకి పరుగు.

ఇలాంటి పక్షి జాతులు ఆస్ట్రేలియా, న్యూగినీ, ఇండోనేసియా తూర్పు దీవుల్లో ఉన్నాయి. పులి, చిరుతపులి, అడవిపిల్లి, పునుగుపిల్లి తిరిగే ఆసియా నేలమీద మాత్రం లేవు. ఎందుకు లేవో ఆలోచించిన డెక్కర్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1989లో ఒక మాట రాశాడు. పిల్లి జాతులూ పునుగు జాతులూ ఉన్నచోట ఈ పక్షి బతకలేదని. దిబ్బలో గుడ్డు, తల్లి లేని పిల్ల ఉన్నాయంటే, వాసన పట్టగల వేటజంతువుకు అది వడ్డించిన విస్తరే. నికోబార్ అటు దూరంగా సముద్రంలో ఉండిపోయింది గనుక, పిల్లి జాతి జంతువేదీ అక్కడికి తానై చేరలేదు గనుక ఈ పక్షి మిగిలింది.

ఆ కాపలా ఇప్పుడు తొలగింది. జనావాసాలతో పాటు కుక్కలూ పిల్లులూ ఆ దీవులకు చేరాయి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ మన సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం తీరాల్లోనూ ఇళ్లు కూల్చింది. నికోబార్‌లో అది ఊళ్లకు ఊళ్లనే ఊడ్చుకుపోయింది. ఒడ్డునే దిబ్బలు వేసుకునే ఈ పక్షులు కూడా చాలా భాగం పోయాయి. మనుషులు పోయిన ఊళ్లలో కుక్కలు మిగిలాయి. తిండి పెట్టే చెయ్యి లేనప్పుడు అవి ఇసుకలో తాబేలు గుడ్లు తవ్వుకున్నాయి. వాటిని తప్పు పట్టడానికి మనకు నోరెక్కడిది?

తొలగించడం సాధ్యమేనని చూపిన చోటు ఒకటి చెప్పాలి. అట్లాంటిక్ సముద్రంలోని అసెన్షన్ దీవి. 1815లో బ్రిటిషు సైనికులు దిగినప్పుడు ఎలుకల కోసం పిల్లులు దిగాయి. కాలక్రమాన సముద్రపక్షులు ఆ దీవి వదిలి, పక్కనే పిల్లి చేరలేని ఒక రాతిగుట్ట మీద ఇరుక్కున్నాయి. 2002లో అడవిబట్టిన పిల్లుల్ని తొలగించడం మొదలుపెట్టి 2004 నాటికి పూర్తి చేశారు. ఆ పనిలో ఇళ్లలోని పెంపుడు పిల్లులూ కొన్ని విషం తిని చచ్చిపోతే జనం చాలా బాధపడ్డారట. ఉన్నదున్నట్టు అదీ చెప్పుకోవాలి. ఇళ్లలో పిల్లులు ఉండవచ్చు, కాని ఆపరేషను చేయించి ఉంచాలి అన్నది అక్కడి ఏర్పాటు. 2012లో, ఆ దీవి తప్ప మరెక్కడా గుడ్లు పెట్టని ఫ్రిగేట్ పక్షి రాతిగుట్ట నుంచి తిరిగి పెద్ద నేలమీదికి వచ్చి గూడు పెట్టింది. నూరేళ్లు దాటాక తిరిగి రావడం.

మన మైదానం దీవి కాదు. ఇక్కడ పిల్లి చేసే హాని అంత ఉండదు. మన కౌజులూ పూరేళ్లూ అడవిపిల్లినీ నక్కనూ ముంగిసనూ చూస్తూ పెరిగినవి. ఆ మాటకొస్తే మన పిల్లి జాతికే ఇక్కడ కష్టం. కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవుల్లో చేపలు పట్టి తినే నీటిపిల్లి, కొందరు బావురుపిల్లి అంటారు, ఇంకా బతుకుతోంది. అది ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. చిరుతపులి పిల్ల అనుకొని జనం కర్రలు తీసుకుంటారు. ఎక్కడినుంచో తెచ్చి వదిలిన పిల్లికి పాలు పోసి, ఇక్కడే పుట్టిన పిల్లిని తరమడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అయితే మైదానంలోనూ దీవులు లేకపోలేదు. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువు చూడండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వేల సంఖ్యలో వచ్చి చెరువు మధ్యనున్న తుమ్మచెట్ల మీద గూళ్లు పెడతాయి. ఆ చెట్టు కూడా పరదేశిదే, మనం తిట్టుకునే సర్కారు తుమ్మ. ఊరు ఇంత దగ్గరగా ఉన్నా ఆ పక్షులు నిశ్చింతగా ఉన్నాయంటే నడుమనున్న నీళ్లే కారణం. నీళ్లు ఎండితే కుక్కా పిల్లీ నడిచి చెట్టు మొదటికి పోతాయి. అలాగే బాపట్ల తీరాన చలికాలం చివర రాత్రిపూట ఒడ్డెక్కి ఇసుకలో నూరేసి గుడ్లు పెట్టి వెళ్లే ఆలివ్ రిడ్లే తాబేలు. దానికి ఆ ఇసుక తిన్నె దీవి వంటిదే, నెలన్నర పైబడి ఆ గుడ్లకు కాపలా ఎవరూ ఉండరు. అటవీశాఖవారూ కొందరు స్వచ్ఛంద సేవకులూ గుడ్లను ఏరి కంచె లోపల పాతిపెట్టవలసి రావడానికి ముఖ్య కారణం నక్కలూ, ఊళ్లనుంచి వచ్చిన కుక్కలూ.

చెరువుగట్టు, కాలువ అవతలి బీడు, సముద్రపు ఒడ్డు. వద్దనుకున్న కూనల్ని మనం వదిలేది కూడా సరిగ్గా ఈ మూడు చోట్లే. ఊళ్లో వదిలితే ఎవరైనా తిడతారు గనుక. అలా వదిలిన వాటిలో ఎక్కువ పాలు ఆకలికో కుక్కలకో బలైపోతాయి. బతికినవి వేట నేర్చుకుంటాయి.

ఈ సంవత్సరం మా ఇంటి పిల్లికి మూడు కూనలు. ఇది ఆనాటి పిల్లి కాదు, దాని సంతతి కూడా అయి ఉండదు, రంగు మాత్రం అదే. తల్లికి ఆపరేషను చేయించాలని దగ్గరి పశువుల ఆసుపత్రికి బుట్టలో పెట్టుకొని పోతే, “పిల్లికా? గేదెకేమైనా అయితే తీసుకురండి” అని నవ్వారు. గుంటూరు తీసుకువెళితే చేస్తారని తరువాత ఒకరు చెప్పారు. బస్సులో పిల్లిని ఎక్కించుకోవడం ఎలాగన్నది తేలక ఆ ప్రయాణం వచ్చే వారానికి వాయిదా పడింది. ఒక కూనను ధాన్యం గిడ్డంగి దగ్గర కాపురమున్న మా చిన్నమ్మగారు అడిగి తీసుకున్నారు. మరొకదాన్ని బడిపిల్లవాడొకడు చొక్కాలో దాచుకొని పట్టుకుపోయాడు. వాళ్లమ్మ ఇంకా తిరిగి పంపించలేదు. మూడోది, కుంటిది, ఎవరూ అడగలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తుంటే టిక్కీల మీదినుంచి దూకి వచ్చి కాగితం అంచు కొరుకుతోంది. మార్చి నెల వచ్చింది. కాలువ అవతల బీడులో తీతువులు అరుస్తున్నాయి, ఇంటికి వినబడుతోంది.